పాయింటు కాదు, దాని వెనక వైరు చూడు

అమ్మడూ,

వంటింటి ఫోటో చూశాను. ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సుకే ఇండక్షన్ స్టవ్వు, కెటిల్, మిక్సీ! కొత్త పాయింట్లు పెట్టించుకుంటానన్నావు, మంచిదే. ముందు ఓనరుగారికి ఒక మాట చెప్పి, ఆయన సరే అన్న మెసేజ్ దాచుకో. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకున్న ప్రతి చిల్లూ అడ్వాన్సులోంచే పోతుంది. అందుకే గోడ కొట్టించకుండా పైనుంచి పీవీసీ పట్టీలో వైరు లాగించు. చూడ్డానికి అంత బాగుండదు, పోనీలే.

ఎలక్ట్రీషియన్ రాగానే కరెంటు ఎక్కడి నుంచి తెస్తున్నాడో అడుగు. చాలామంది పక్క స్విచ్‌బోర్డులోంచి లూప్ ఇచ్చేసి, అంటే ఆ వైరుకే కొత్త వైరు కలిపేసి, వెళ్ళిపోతారు. ఫోన్ ఛార్జరుకు అది చాలు. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్వు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, 1500 వాట్ల కెటిల్ ఇంకో ఆరున్నర. మామూలు 6 ఆంప్స్ సాకెట్ వీటికి సరిపోదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ సాకెట్, దానికి సొంత ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఉండాలి. ఆ ఒక్క లైను మీద రెండూ ఒకేసారి పెట్టకు. వైరు ఐఎస్‌ఐ మార్కుది నువ్వే కొనుక్కో, ఎస్పీ రోడ్డులో బేరమాడొచ్చు.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే "32 ఆంప్స్‌ది వేసేద్దాం మేడమ్" అనేవాళ్ళుంటారు. ససేమిరా ఒప్పుకోకు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. సన్న వైరుకు పెద్దది పెడితే వైరు వేడెక్కుతున్నా అది పడదు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, అసలు భయం అక్కడే. మెయిన్ ఆపేయగానే ఇల్లంతా కరెంటు పోయిందనుకుంటాం. లైట్లు, ఫ్యాన్ల లైనుకు ఇన్వర్టర్ అదే 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. పనివాడు బోర్డు విప్పే ముందు మెయిన్‌తో పాటు ఇన్వర్టరునూ ఆపించు. ఆపాక కూడా టెస్టర్ పెట్టి చూడమను. కొత్త పాయింటుకు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఇన్వర్టర్ లైనులోంచి తీసుకోనివ్వకు, ఇస్త్రీపెట్టె లాంటివి ఆ లైను మీద అసలు పెట్టకు.

పాత ఇళ్ళలో సాకెట్ పైనున్న పెద్ద రంధ్రం ఒక్కోసారి పేరుకే, వెనక ఎర్త్ వైరే ఉండదు. ఒక సాకెట్ విప్పించి ఆకుపచ్చ వైరు కళ్ళారా చూడు. ఫేజుకీ (కరెంటు వచ్చే వైరు) ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టమను. బల్బు బాగా వెలగాలి. ఆర్‌సీసీబీ (కరెంటు పక్కకు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉంటే వెంటనే పడిపోతుంది, అలా పడినా ఎర్త్ ఉన్నట్టే. ఆర్‌సీసీబీ లేకపోతే 30 మిల్లీ ఆంప్స్‌ది ఒకటి పెట్టించమని ఓనరుగారిని అడుగు. షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేది అదే, ఎంసీబీ కాదు.

సింకు పక్కన, స్టవ్వు పైన పాయింటు వద్దు. వేసవిలో ఏసీ కూడా కొంటానంటున్నావు కాబట్టి బెస్కాం (అక్కడి కరెంటు కంపెనీ) బిల్లులో శాంక్షన్డ్ లోడ్, అంటే ఇంటికి అనుమతించిన లోడ్, ఎంతుందో చూడు. చాలకపోతే ఓనరుగారే పెంచమని దరఖాస్తు పెట్టాలి.

పని అయ్యాక ఇండక్షన్ స్టవ్వు అరగంట నడిపి, ఆపి, ప్లగ్ తీసి పట్టుకుని చూడు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల ఎక్కడో స్క్రూ లూజుగా ఉన్నట్టు. అది బిగించాకే మిగతా డబ్బులివ్వు.

మావయ్య