ఇటలీ పల్లెలో మూడు వారాలు: ఈ ఆగస్టు వద్దు, వచ్చే మే నెలకి పెట్టుకోండి

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ రాశారు. ఆవిడ అడిగింది క్లుప్తంగా ఇదీ: "మా ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకి 2.40 లక్షలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 58 వేలు, ఇంటి ఖర్చు 75 వేలు, పిల్లల స్కూలు 25 వేలు, సిప్‌లు 35 వేలు పోతే 47 వేల దాకా మిగుల్తుంది కానీ ఎటు పోతుందో తెలీదు. పాప ఈ జూన్‌లో ఎనిమిదో క్లాసుకి వస్తుంది, బాబుకి 9 ఏళ్ళు, అత్తయ్యగారికి 64. ఈ ఆగస్టులో అందరం ఇటలీలో ఏదైనా పల్లెటూళ్ళో నెల రోజులు ఉండి అక్కడి తిండి, ఊరి పండగలు చూద్దామని కోరిక. ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీ 13.5 లక్షలు అన్నాడు. మావారు 6 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందాం అంటున్నారు, లేకపోతే పాప చదువు కోసం పెట్టిన మ్యూచువల్ ఫండ్స్ 11 లక్షల్లోంచి తీద్దాం అంటున్నారు. అత్తయ్యగారు తన ఎఫ్‌డీలోంచి 2 లక్షలు ఇస్తానంటున్నారు. ఎమర్జెన్సీకి 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏటా ఇద్దరి బోనస్ 2.20 లక్షలు వస్తుంది, డిసెంబరులో గోవా ట్రిప్‌కి 60 వేలు అనుకున్నాం. మావారు రెండు వారాలు అక్కణ్ణుంచే లాప్‌టాప్‌లో పని చేస్తానంటున్నారు, ఇటలీలో 1 యూరోకి అమ్మే పాత ఇల్లు కొనుక్కోవచ్చా అని కూడా అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ముందు ఒక మాట. వెళ్ళండి. పిల్లలు ఈ వయసులో ఉండగా, అత్తయ్యగారు నడవగలిగినప్పుడే వెళ్ళండి, ఇలాంటి ఖర్చుని నేను దండగ అనను, నా దగ్గరికొచ్చే వాళ్ళలో అరవై దాటాక "అప్పుడే వెళ్ళుంటే బావుండేది" అని బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను. కానీ ఈ ఆగస్టులో వద్దు, అప్పు చేసి అసలే వద్దు. 2027 మే నెలకి పెట్టుకోండి. ఎందుకో వివరంగా చెప్తాను.

ఇటలీలో ఆగస్టు అంటే దేశం మొత్తం సెలవులో ఉంటుంది. ఆగస్టు 15 అక్కడ ఫెర్రాగోస్తో అని పెద్ద పండగ, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ కాలం నుంచి ఉంది, ఆ రోజు చుట్టుపక్కల వారాలన్నీ అక్కడి వాళ్ళే సముద్రానికో పల్లెకో వెళ్ళిపోతారు కాబట్టి ఇళ్ళ అద్దెలు చుక్కలంటుతాయి, పైగా చిన్న షాపులు మూసేసి ఉంటాయి, ఎండ కూడా మనకేం కొత్త కాదు కానీ చాలా పాత రాతి ఇళ్ళల్లో ఏసీ ఉండదు. దానికితోడు మీ పిల్లలకి ఆగస్టులో స్కూలుంటుంది, నెల రోజులు బడి పోతుంది. అదే మే అనుకోండి, మన స్కూళ్ళకి సెలవులు, జూన్ 12కి గానీ తెరవరు, అక్కడ చలి పోయి వసంతం, అద్దెలు ఆగస్టంత ఉండవు. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు చూడాలనుకున్న ఊరి పండగలు 2027 మే నెలలో మీకోసమే పెట్టినట్టు పడ్డాయి.

నేను ఉంబ్రియా ప్రాంతం చూడమంటాను. రోమ్‌కి ఉత్తరాన, సముద్రం లేని కొండల ప్రాంతం, పక్కనున్న టస్కనీ అంత పేరు లేదు కాబట్టి అంత ఖరీదూ ఉండదు. అక్కడ గుబ్బియో అనే ఊళ్ళో ప్రతి ఏడూ మే 15న కొర్సా దేయి చేరి అని జరుగుతుంది, ఒక్కోటి దాదాపు 300 కిలోలు ఉండే మూడు ఎత్తైన కొయ్య స్తంభాల మీద ముగ్గురు సెయింట్ల విగ్రహాలు పెట్టి, భుజాల మీద మోస్తూ ఊరి వీధుల్లోంచి కొండ పైన ఉన్న చర్చి దాకా పరిగెత్తుతారు, తమాషా ఏంటంటే అది పందెం కాదు, సెయింట్ ఉబాల్డో ఎప్పుడూ ముందే, ఆ వరస మారదు. ఆ మూడు స్తంభాలే ఉంబ్రియా జెండా మీద ఉంటాయి. 2027లో మే 15 శనివారం పడింది. రెండోది స్పెల్లో అనే ఊళ్ళో ఇన్ఫియొరాతా, అంటే వీధుల్లో పువ్వుల రేకులతో బొమ్మలు పరవడం, కార్పుస్ డోమినీ అనే క్రైస్తవ పండగకి చేస్తారు, అది ఈస్టర్‌ని బట్టి జరుగుతుంది, 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తోంది కాబట్టి ఇది మే 30 ఆదివారం అవుతుంది. 2026లో అయితే జూన్ 7, అంటే మన స్కూళ్ళు తెరిచే ముందు వారం, తిరుగు ప్రయాణం హడావుడిగా అయ్యేది.

ఈ ఇన్ఫియొరాతా గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మేం రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు చూశాం, నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. ముందు రోజుల్లోనే ఇళ్ళ అరుగుల మీద, గ్యారేజీల్లో ముసలాళ్ళూ పిల్లలూ కూర్చుని పువ్వుల రేకులు తుంచి రంగు రంగుకీ విడివిడిగా అట్టపెట్టెల్లో పోస్తుంటారు, మన దగ్గర బతుకమ్మకి తంగేడు, గునుగు ముందేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చున్నట్టే. శనివారం రాత్రి వీధి పొడుగునా టెంట్లు వేసి, లైట్లు పెట్టుకుని, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని రేకులతో బొమ్మలు పరుస్తారు, తెల్లవార్లూ. రంగు పొడులు కలపకూడదు, మొక్కల నుంచి వచ్చిందే వాడాలి. పొద్దున ఊరేగింపు వచ్చి ఆ బొమ్మల మీదుగానే నడిచి వెళ్ళిపోతుంది. మా అమ్మ ఒక పెద్దావిడ పక్కన కూర్చుని భాష రాకపోయినా గంటసేపు రేకులు తుంచింది. దీనికి టికెట్ లేదు. గుబ్బియోకీ లేదు. అందుకే నేను పదే పదే చెప్తుంటాను, ఊరి పండగల టూరులో ఖర్చు పండగ వల్ల కాదు, తప్పు నెలలో వెళ్ళడం వల్ల, తప్పు ఊళ్ళో ఇల్లు తీసుకోవడం వల్ల వస్తుంది.

తిండి పండగల విషయంలో ఒక్కటి మీరు పోగొట్టుకుంటారు, అది దాచను. సాగ్రా అంటారు, ఊరికొక వంటకం పేరు మీద ఊరివాళ్ళే నడిపే తిండి పండగ, ఇవి ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి. కాన్నారా ఊరి ఉల్లిపాయల పండగ ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదట్లో, అది మీకు అందదు. మే నెలలో అక్కడక్కడా దొరుకుతాయి, ఇంటి ఓనర్‌నే అడగండి. దొరికితే వదలొద్దు. పొడుగు బల్లలు, బెంచీలు, కాగితం పరిచిన టేబుల్, మెనూ కాగితం మీద పెన్సిల్‌తో టిక్ పెట్టి కౌంటర్‌లో ముందే డబ్బులు కట్టి కూర్చుంటే ఊరి కుర్రాళ్ళు తెచ్చి పెడతారు, ప్లేటు పాస్తా 7 నుంచి 10 యూరోల్లో అయిపోతుంది. అత్తయ్యగారు శాకాహారి అయితే పప్పుధాన్యాలు బాగా దొరికే ప్రాంతం ఇది, కాస్తెల్లూచ్చో అనే ఊరి చిన్న మసూర్లు ప్రసిద్ధి, తోర్తా అల్ తెస్తో అని పెనం మీద కాల్చే మందపు రొట్టె ఉంటుంది, చీజ్, ఆకుకూర పెట్టిస్తారు. అక్కడి బ్రెడ్‌లో మాత్రం ఉప్పుండదు, మా అమ్మ మొదటిరోజు పాడైపోయిందనుకుని పక్కన పెట్టేసింది. పొడులు తీసుకెళ్ళండి, నెయ్యి, పాలకోవా లాంటివి వద్దు, పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తీసుకురావడానికి యూరప్‌లో అనుమతి లేదు.

ఇప్పుడు లెక్క. మే 11 నుంచి జూన్ 1 దాకా 21 రాత్రులు, రెండు పండగలూ లోపలే పడతాయి. యూరో ఈరోజు ఎంతున్నా నేను 115 వేశాను, ఏడాది తర్వాతి మాట కాబట్టి ఎక్కువ వేసుకోవడమే మంచిది. హైదరాబాద్ నుంచి రోమ్‌కి ఒక స్టాప్‌తో ఐదుగురికి 3.25 లక్షలు. వీసా పెద్దవాళ్ళకి 90 యూరోలు, మీ పాపకి 12 దాటింది కాబట్టి తనకీ 90, బాబుకి 45, దీనికి వీఎఫ్ఎస్ (వీసా అప్లికేషన్లు తీసుకునే సంస్థ) చార్జీలు, ట్రావెల్ ఇన్సూరెన్స్ (కనీసం 30 వేల యూరోల కవర్ తప్పనిసరి, అత్తయ్యగారి ప్రీమియం ఎక్కువుంటుంది) కలిపి 80 వేలు. రెండు బెడ్‌రూముల ఇల్లు 1,200 యూరోలు, అంటే 1.38 లక్షలు. తిండికి రోజుకి 40 యూరోలు, వంట ఇంట్లోనే, దానిపైన ఆరుసార్లు బయట 90 చొప్పున, మొత్తం 1,380 యూరోలు, అంటే 1.59 లక్షలు. రైళ్ళు, బస్సులు, ఒకటి రెండు రోజులు కారు 350 యూరోలు, 40 వేలు. టూరిస్ట్ ట్యాక్స్, సిమ్‌లు, టికెట్లు 200 యూరోలు, 23 వేలు. అనుకోనివాటికి 75 వేలు. అన్నీ కలిపితే 8.40 లక్షలు. ఏజెంట్ చెప్పిన 13.5 లక్షలెక్కడ, ఇదెక్కడ!

డబ్బు ఎక్కడ్నుంచి? మీకు మిగిలే ఆ 47 వేలని ఈ నెల నుంచే జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి వెళ్ళేట్టు పెట్టేయండి, ఏప్రిల్ దాకా 12 నెలలు, 5.64 లక్షలు. మీ ఇద్దరి బోనస్ ఏటా 2.20 లక్షలన్నారు, అది మార్చిలో వస్తుంది. డిసెంబరు గోవా ట్రిప్‌కి 60 వేలు అనుకున్నామన్నారు, ఈ ఒక్క ఏడాది గోవా మానండి. మొత్తం 8.44 లక్షలు. వడ్డీ నేను లెక్కలోకి తీసుకోలేదు. నవంబరు దాకా ఏడు నెలల వాయిదాలే 3.29 లక్షలవుతాయి, అప్పటికి టికెట్ల డబ్బు చేతిలో ఉన్నట్టే. ఏడాదిలో వాడే డబ్బు షేర్లలో, ఈక్విటీ ఫండ్స్‌లో పెట్టకండి, ఆర్‌డీ లేకపోతే లిక్విడ్ ఫండ్, అంతే.

మీవారు చెప్పిన లోన్ గురించి. 6 లక్షలు 13 శాతానికి మూడేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 20,216, వడ్డీయే 1.28 లక్షలు. పైన రాసిన ఇంటి అద్దె 1.38 లక్షలు చూడండి, ఏడాది ఆగితే ఆ ఇల్లు మీకు దాదాపు ఫ్రీగా వచ్చినట్టే. పాప ఫండ్స్‌లోంచి 6 లక్షలు తీస్తే ఇంకా నష్టం, ఏటా 10 శాతం వస్తుందనుకున్నా తను ఇంజనీరింగ్‌లో చేరే 2031 నాటికి అది సుమారు 9.66 లక్షలయ్యేది, పైగా ఈక్విటీ లాభం 1.25 లక్షలు దాటిన దానిపై 12.5 శాతం ట్యాక్స్. మీ ఎమర్జెన్సీ 6 లక్షలు ఈఎంఐ, ఇల్లు, స్కూలు కలుపుకుంటే నాలుగు నెలలకి కూడా పూర్తిగా రావు, దాని జోలికే పోకండి. అత్తయ్యగారి 2 లక్షలు కూడా తీసుకోవద్దమ్మా. ఆవిడ ప్రేమతో ఇస్తున్నారు, నిజమే, కానీ 64 ఏళ్ళ వయసులో సొంత డబ్బు ఉండటం ఆవిడకి ధైర్యం. అక్కడికెళ్ళాక పిల్లలకి జెలాటో, అక్కడి ఐస్‌క్రీమ్, ఆవిడ చేత కొనిపించండి, చాలు.

ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళు మన దగ్గర ముందుగానే వసూలు చేసే ట్యాక్స్, కట్టాలి. తర్వాత రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. మీరే టికెట్లు, ఇల్లు విడివిడిగా బుక్ చేసుకుని, ఫారెక్స్ కార్డులో యూరోలు వేసుకుంటే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటేదాకా టీసీఎస్ లేదు. యూరోలు ఒకేసారి కొనకుండా జనవరి, మార్చి, మే మూడు విడతలుగా కొనండి. అక్కడ కార్డు మిషన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళ రేటు పడుతుంది. బార్‌లో కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు ఉండొచ్చు, రెస్టారెంట్ బిల్లులో కోపెర్తో అని మనిషికి ఇంత వేస్తారు, మోసమేం కాదు, అక్కడి పద్ధతి.

ఇంటి విషయంలో, స్పెల్లో ఊరి మధ్యలోనే తీసుకోవద్దు, పండగ వారం అక్కడ దొరకదు, దొరికినా ఎక్కువ అడుగుతారు, పైగా మొత్తం ఎక్కుడే, అత్తయ్యగారి మోకాళ్ళకి కష్టం. పక్కనే ఫొలీన్యో ఉంది, చదునైన ఊరు, రోమ్ నుంచి నేరుగా రైలు, స్పెల్లోకి రైల్లో కొద్ది నిమిషాలు. గుబ్బియోకి మాత్రం రైల్వే స్టేషన్ లేదు, ఆ ఒక్కరోజుకి కారు కంటే బస్సు నయం, జనం విపరీతంగా ఉంటారు కాబట్టి అత్తయ్యగారిని పరుగు దారి పక్కన కాకుండా ఏదైనా చౌరస్తాకి దూరంగా కూర్చోబెట్టండి. ఇల్లు బుక్ చేసేముందు యాడ్‌లో సీఐఎన్ నంబర్ (టూరిస్టులకి అద్దెకిచ్చే ఇళ్ళకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే నంబర్) ఉందో లేదో చూడండి, 2025 జనవరి 1 నుంచి అక్కడ తప్పనిసరి, లేకపోతే వదిలేయండి. వీసా వచ్చేదాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే ఇల్లే, క్యాన్సిలేషన్ చార్జీ తక్కువున్న టికెట్టే తీసుకోండి, రెండు వేలు ఎక్కువైనా పర్లేదు. వీసాకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, జనవరిలో పెట్టేయండి.

మీవారు రెండు వారాలు అక్కణ్ణుంచే లాప్‌టాప్‌లో పని చేస్తానన్నారు కదా, వద్దు. టూరిస్ట్ వీసా పని చేసుకోడానికి కాదు, దానికి ఇటలీలో వేరే వీసా ఉంది, కంపెనీకి కూడా ట్యాక్స్ చిక్కులు రావచ్చు. లీవ్ ఇప్పట్నుంచే దాచుకోమనండి. ఇంకా ఆయన అడిగిన 1 యూరో ఇల్లు, సిసిలీలో సంబూకా లాంటి ఊళ్ళు వేలానికి పెట్టినమాట నిజమే, కానీ రిపేర్లు గడువులోగా చేయిస్తామని డిపాజిట్ కట్టాలి, ఆ రిపేరే అసలు ఖర్చు. ఇంటి లోన్ నడుస్తున్న వాళ్ళకి నేను అది చెప్పను.

ఈ వారం చెయ్యాల్సినవి రెండే. ఆర్‌డీ మొదలుపెట్టడం, ఐదుగురి పాస్‌పోర్టులు తీసి చూడటం. తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు వ్యాలిడిటీ ఉండాలి, పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి. చిన్నపిల్లలవి ఐదేళ్ళకే అయిపోతాయి, బాబుది ముందు చూడండి. అత్తయ్యగారిది ఏ బీరువాలో ఉందో ఆవిణ్ణే అడగండి.