జర్మనీలో అడ్రస్ రిజిస్ట్రేషన్ కాలేదని బ్యాంకు తిప్పి పంపితే ఏం చేయాలి?

అడ్రస్ రిజిస్టర్ అయితేగానీ ఖాతా ఇవ్వమని బ్యాంకు, ఖాతా లేకుండా జీతం ఎక్కడ వేయమని కంపెనీ అంటున్నాయని అడిగారు. ఈ ముడి బ్యాంకు దగ్గర విడదు. ముందు ఇంటి ఓనర్‌ని పట్టుకోండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్, చేయించాలి. చాలామంది దీనికి రెంటల్ అగ్రిమెంటు పట్టుకెళ్లి ఉత్త చేతులతో వస్తారు. ఆఫీసువాళ్లు అడిగేది వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, అంటే మీరు ఆ ఇంట్లో దిగారని ఓనర్ రాసిచ్చే కాగితం. ఓనర్ పేరు, ఇంటి అడ్రస్, దిగిన తేదీ, ఉండేవాళ్ల పేర్లు, కింద సంతకం, అంతే. సబ్‌లెట్ అయితే మీకు గది ఇచ్చిన మెయిన్ టెనెంట్ సంతకం చేయొచ్చు. బెర్లిన్‌లో మీ పేటలో అపాయింట్‌మెంటు దొరక్కపోతే ఊళ్లో ఏ బ్యూర్గర్‌ఆమ్ట్‌కైనా (ఈ రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసు) వెళ్లొచ్చు. అక్కడ ఇచ్చే కాగితం, పాస్‌పోర్టు, వీసా తీసుకుని అప్పుడు బ్యాంకుకి వెళ్లండి.

11 అంకెల టాక్స్ నంబరు తర్వాత పోస్టులో వస్తుంది. దానికోసం ఆగక్కర్లేదు, ఖాతా తెరిచాక ఇవ్వొచ్చు. ఇండియాలో ఇంకా పన్ను కడుతున్నారా అని ఫారంలో ఉంటుంది, పాన్ నంబరు దగ్గర పెట్టుకోండి.

ఎక్కువమందికి దెబ్బ కొట్టేది పోస్టు డబ్బా. జర్మనీ అడ్రసుల్లో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. కార్డు ఒక కవరులో, పిన్ ఇంకో కవరులో వస్తాయి. మీ పేరు లేకపోతే రెండూ వెనక్కి పోతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎంత పొడుగున్నా అదే అంటించండి, స్నేహితులు పిలిచే ముద్దుపేరు కాదు. వేరేవాళ్ల ఇంట్లో ఉంటే బ్యాంకు ఫారంలో 'కేరాఫ్' అని వాళ్ల పేరు కూడా రాయండి.

ఈలోగా జీతం సంగతి. యూరో ఖాతా బెల్జియందైనా లిథువేనియాదైనా కంపెనీ కాదనకూడదు, ఈయూ సెపా (యూరో చెల్లింపుల ఉమ్మడి వ్యవస్థ) నిబంధన అదే చెబుతోంది. 'మా సాఫ్ట్‌వేర్ డీఈతో (జర్మనీ కోడ్) మొదలయ్యే ఐబాన్ (ఖాతా నంబరు) మాత్రమే తీసుకుంటుంది' అనేది సాకు.

అన్నీ ఉన్నా బ్రాంచిలో కుదరదంటే 'బాజిస్‌కోంటో' (ప్రాథమిక ఖాతా) కావాలని చెప్పి, దాని ఫారం నింపి ఇవ్వండి. ఈయూలో చట్టప్రకారం ఉంటున్నవాళ్లకు, సొంత అడ్రస్ లేకపోయినా, 2016 నుంచి ఇది హక్కు. జర్మనీలో మీకు ఇప్పటికే వాడుకోదగ్గ ఖాతా ఉంటే మాత్రం కాదనొచ్చు. బ్యాంకు 10 పనిదినాల్లో తేల్చాలి, కాదంటే రాసివ్వాలి. ఆ కాగితం జత చేసి బాఫిన్‌కి (జర్మనీలో బ్యాంకులపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) దరఖాస్తు పెడితే, ఖాతా తెరవమని బ్యాంకును వాళ్లే ఆదేశించగలరు.