బస్సులో పంపిన పార్శిల్ చేరకపోతే పరిహారం ఎంత?

ప్రశ్న: నేను విజయవాడలో ఇంటి దగ్గరే చీరలు అమ్ముతాను. నాలుగు నెలల క్రితం రూ.18,000 విలువైన చీరలను బస్టాండులోని పార్శిల్ కౌంటర్‌లో రూ.150 చెల్లించి హైదరాబాద్‌కు బుక్ చేశాను. అవి చేరలేదు. ఛార్జీకి పది రెట్లు, అంటే రూ.1,500 మాత్రమే ఇస్తామంటున్నారు. పూర్తి విలువ వస్తుందా?

జవాబు: పది రెట్ల లెక్క కౌంటర్ సిబ్బంది కల్పించినది కాదు. రోడ్డు ద్వారా సరుకు రవాణా చట్టం, 2007లోని 10వ సెక్షన్, దాని కింద 2011లో చేసిన నియమాలు రవాణాదారు బాధ్యతను ఆ మేరకు పరిమితం చేశాయి. అయితే సరుకు విలువ ప్రకటించి, 11వ సెక్షన్ కింద అధిక రిస్కు రేటు (సరుకు పోతే ఎక్కువ బాధ్యత వహించేందుకు తీసుకునే అదనపు ఛార్జీ) చెల్లించడానికి ఒప్పుకున్నవారికి ఈ పరిమితి వర్తించదు. కాబట్టి ముందుగా మీ రసీదులో విలువ గడి చూడండి. అది ఖాళీగా ఉండి, అదనపు ఛార్జీ ఏదీ కట్టకపోతే, పూర్తి రూ.18,000 వస్తుందని మీకు ఆశ పెట్టలేను.

మీ పార్శిల్ తీసుకున్న రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ), తాను ప్రభుత్వమే కనుక ఈ చట్టం తనకు వర్తించదని వాదించవచ్చు. కానీ అది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద, ప్రభుత్వం నుంచి వేరుగా ఏర్పడిన కార్పొరేషన్ కనుక ఆ వాదన నిలవడం కష్టమని నా అభిప్రాయం. సిబ్బంది నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనవసరం లేదని 12వ సెక్షన్ చెబుతుంది. రసీదు లేకుండా డ్రైవరు చేతికిచ్చి పంపి ఉంటే మాత్రం, సంస్థతో ఒప్పందం ఉందని చూపడమే గగనమయ్యేది.

ఇప్పుడు తొందరపడవలసినది నోటీసు విషయంలో. 16వ సెక్షన్ ప్రకారం కేసు వేయడానికి ముందే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా, సరుకు పోయిన సంగతిని రాతపూర్వకంగా తెలియజేయాలి. గడువు లెక్క పార్శిల్ పోయినట్టు మీకు తెలిసిన రోజు నుంచి కాదు. మీకు దాదాపు రెండు నెలలే మిగిలింది. ఫోన్ ఫిర్యాదులను నమ్ముకోకుండా, రసీదు నకలు, చీరలు కొన్న బిల్లులు జతచేసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అది అందినట్టు ఆధారం దాచండి.

తర్వాత విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. వ్యాపారం కోసం పంపారు కనుక మీరు వినియోగదారు కారని అభ్యంతరం రావచ్చు. స్వయం ఉపాధితో జీవనం సాగించేవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే మినహాయింపు ఉంది కాబట్టి, ఆ చీరల అమ్మకమే మీ జీవనాధారమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. సరుకు అందలేదని హైదరాబాద్‌లోని మీ కొనుగోలుదారు చేత సంతకంతో రాయించుకుని దానికి జతచేయండి.