గాయపడిన ఉడుతను ఎప్పుడు వదిలిపెట్టాలి?

ప్రశ్న: పిల్లి నోటికి చిక్కిన ఒక ఎదిగిన ఉడుతను కాపాడి ఇంట్లో ఉంచాము. వెనక కాలి ఎముక విరిగిందని పశువైద్యులు చికిత్స చేశారు. ఇప్పుడు ఎముక అతుక్కున్నది, గదిలో చురుకుగా పరుగెత్తుతున్నది, వేరుశనగ గింజలు మా చేతిలోంచే తీసుకుని తింటున్నది. వెంటనే వదిలివేయవచ్చునా? ఇంత మచ్చికైనది బయట బతకగలదా?

జవాబు: వైద్యులకు చూపించి మంచి పని చేశారు. పిల్లి లాలాజలంలోని సూక్ష్మక్రిముల వల్ల సూదిమొనంత కాటు కూడా చిన్న జంతువుకు ప్రాణాంతకం కాగలదు. ఆ గండం గడిచింది గాని, వదిలే సమయం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

గదిలో నేలమీద పరుగును చూసి కాలు బాగుపడిందని తేల్చలేము. ఉడుత మానుమీద తలకిందులుగా దిగగలగడానికి కారణం దాని వెనక పాదాలు చీలమండ దగ్గర పూర్తిగా వెనక్కు తిరిగి, గోళ్లతో బెరడును పట్టుకోవడమే. ఎముక వంకరగా అతుక్కుంటే ఎక్కడం సాధ్యమైనా దిగడంలో పట్టు తప్పవచ్చు. అందుచేత ఆరుబయట, పిల్లులు చొరబడలేని ఎత్తయిన జాలీ పంజరంలో నిలువు దుంగలు, ఊగే కొమ్మలు అమర్చి కొన్ని వారాలు ఉంచండి. ఇన్నాళ్లు కదలికలేక తగ్గిన కండ అక్కడే తిరిగి పడుతుంది. తలకిందులుగా తడబడకుండా దిగుతున్నదా, కదిలే కొమ్మమీదికి దూకి నిలదొక్కుకుంటున్నదా అన్నవి దూరం నుంచి గమనించండి.

వేరుశనగను మాత్రం ఈ రోజు నుంచే బాగా తగ్గించండి. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే ముఖ్యాహారమైతే ఎముకలు బలహీనపడతాయి, కొత్తగా అతుక్కున్న ఎముకకు అది మరీ చేటు. లేత ఆకులు, మొగ్గలు, కాయలు, కొరకడానికి బెరడున్న కొమ్మలు పెట్టండి. ఉడుత ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక, పెనుగులాటలో దవడ దెబ్బతిని పైపళ్లు, కిందిపళ్లు కలవకపోతే అవి అరగక చివరికి తిండి తినలేని స్థితి వస్తుంది. ఇది తరచుగా ఎవరూ చూడరు. వైద్యులను అడిగి చూపించండి.

మచ్చిక గురించి అంతగా బెంగపడనక్కరలేదు. కళ్లు తెరవని పసికూనగా మనుషుల చేతిలో పెరిగిన ఉడుత సంగతి వేరు. అడవిలోనో తోటలోనో ఎదిగిన ఉడుత చేతి తిండికి రావడానికి చాలావరకు ఆకలి, మరో దారి లేకపోవడమే కారణం. చేతితో తినిపించడం ఆపి, ఆహారాన్ని కొమ్మల సందుల్లో దాచండి. మీ అడుగుల చప్పుడుకు, దాక్కోవడానికి పంజరంలో ఉంచిన గూటిపెట్టెలోకి దూరిపోవడం మొదలుపెడితే, మీకు కష్టంగా తోచినా, అది శుభసూచకం.

ఇవన్నీ కుదిరాక, వాన, విపరీతమైన చలి లేని ఒక ఉదయం, అది దొరికిన చోటే పంజరం తలుపు తెరవండి. ఆ పరిసరాలు దానికి తెలుసు. ఆ పిల్లి అక్కడే తిరుగుతుంటే దగ్గరలోనే మరో చెట్ల గుబురు మేలు. గూటిపెట్టెను, కొంత ఆహారాన్ని మరికొన్నాళ్లు అక్కడే ఉంచండి. చాలా దేశాల్లో వన్యప్రాణిని అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం కనుక, సంబంధిత శాఖకు ఇప్పుడే తెలియజేయండి; పంజరం విషయంలో వారి సాయం కూడా అందవచ్చు. కాలు పట్టు ఇవ్వకపోయినా, పళ్లు సరిపడకపోయినా వదలకండి. అప్పుడు ఏమి చేయాలన్నది వైద్యులు, ఆ శాఖవారు కలిసి నిర్ణయించవలసిన విషయం.