టాన్ బూట్లకి ముదురు బ్రౌన్

చిరంజీవి సురేష్‌కి, మావయ్య ఆశీస్సులు.

అక్క పెళ్ళికి ఆ టాన్ (లేత గోధుమరంగు) బూట్లకే ముదురు బ్రౌన్ రంగు వేసుకుంటానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొత్త జత కొనకుండా ఉన్నవాటినే బాగుచేసుకుందామన్న నీ బుద్ధికి మురిసిపోయాను. ఆ వెంటనే, పాత పూత తుడిచెయ్యడానికి అసిటోన్ సీసా తెచ్చావని కూడా చెప్పింది. నీకున్నది ఒక్క గది, గ్యాస్ పొయ్యి అందులోనే. అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి దూరాన ఉన్న మంటని కూడా అందుకుంటుంది. బాల్కనీలోనే చెయ్యి. పక్కన అగరొత్తి కూడా వెలగకూడదు. వాడిన దూది ఆరుబయట ఆరాకే చెత్తబుట్టలో వెయ్యి.

లేసులు తీసెయ్, లోపల కాగితాలు కుక్కు, సోల్ అంచుకి మాస్కింగ్ టేప్ అంటించు. రెక్సిన్ అయితే అసలు మొదలుపెట్టకు.

అందరూ చెడగొట్టుకునేది పాత పూత దగ్గర. ఫ్యాక్టరీలో తోలు మీద వేసిన ఆ పూత ఉండగా డై వేస్తే లోపలికి దిగదు, పైనే ఉండిపోతుంది. ఆరినప్పుడు చూడముచ్చటగానే ఉంటుంది. నాలుగడుగులు వేశాక, వేళ్ళు వంగే చోట పొరలు లేచి కింద టాన్ బయటపడుతుంది, ప్యాంటు అంచులు పాడవుతాయి. దూది అసిటోన్‌లో తడిపి పిండి, రెండంగుళాల మేర చొప్పున రుద్దుకుంటూ పో. దూదికి రంగు అంటుతోందంటే పూత కరుగుతున్నట్టే. మెరుపంతా పోయి తోలు మసకబారాలి. అనుమానంగా ఉంటే నీటి చుక్క వేసి చూడు. గుండ్రంగా నిలబడిందా, ఇంకా రుద్దాలి. ఇంకి మరక కట్టిందా, చాలు. ఒకేచోట నానబెట్టకు, తోలులో నూనె పోయి బిరుసెక్కుతుంది. నువ్వు వాడే స్పాంజి షైనర్లో సిలికాన్ ఉంటుంది, అది ఉన్నచోట డై పట్టదు. ముక్కు, మడమ ఇంకోసారి తుడువు.

స్పిరిట్ డైని (స్పిరిట్‌లో కలిపిన తోలు రంగు) దాన్ని పల్చన చేసే థిన్నర్‌తో సగానికి సగం కలుపు. లేసుల కింద నాలుక మీద ఒక గీత వేసి ఆరనిచ్చి చూడు, కింది టాన్ కలిసి రంగు కాస్త ఎర్రగా తేలొచ్చు. ఒక్కో ముక్క మధ్యలో ఆపకుండా ముగించు. సగం ఆరిన అంచు మీద మళ్ళీ డై పడితే చార తేలుతుంది. మొదటి పూత నిలువుగా, రెండోది అడ్డంగా, మధ్యలో గంట. కుట్టు దారం పాలిస్టర్ అయితే టాన్‌గానే మిగులుతుంది, బ్రౌన్ మీద అందమే.

తర్వాత 24 గంటలు నీడలో. ఎండలో పెడితే తోలు బిగుసుకుని చిట్లుతుంది. తడి స్కూలు బూట్లకే పాలిష్ కొట్టేవాడివి, నీ తొందర నాకు తెలీదురా? ఆరాక తెల్లబట్టతో, దానికి రంగు అంటడం ఆగేదాకా రుద్దు, కొద్దిగా తోలు కండిషనర్ పట్టించు. మెరుపు వద్దనుకుంటే మ్యాట్ ఫినిషర్ రెండు పల్చటి పూతలు. కావాలంటే మైనం పాలిష్, అదీ ముక్కుకీ మడమకీ మాత్రమే. మడతలో మందంగా వేస్తే మైనం పగులుతుంది.

గ్లౌజులు వేసుకో. గోళ్ళలో చేరిన డై ఒక పట్టాన వదలదు, తలంబ్రాల ఫొటోల్లో నీ చేతులూ పడతాయి. అసిటోన్ సీసా మూత బిగించావో లేదో కనుక్కోడానికి రాత్రి ఫోన్ చేస్తాను, ఎత్తు.

మీ మావయ్య