ఆశ్చర్యపు క్రియల వెంట పడే ముందు

అమ్మలూ,

పీహెచ్‌డీకి ఇంగ్లీషు, స్పానిష్‌లలో ఆశ్చర్యాన్ని చెప్పే క్రియలు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. అయితే అర్థాల చరిత్ర రాస్తూ కూర్చోకు, నిఘంటువులు ఆ పని ఎప్పుడో చేసిపెట్టాయి. ప్రతి వాక్యంలో కర్త ఎవరు? మనిషా, ఆశ్చర్యపరిచిన సంగతా? అది చూడు.

పాత ఇంగ్లీషు 'వుండ్రియన్' (ఇప్పటి 'వండర్')కి మనిషే కర్త. మధ్యయుగంలో 'మీ మార్వెయిలెత్' లాంటివి దొరుకుతాయి, అచ్చం మన 'నాకు వింతగా ఉంది' లాగే. ఆ తీరు తర్వాత కనుమరుగైంది. ఫ్రెంచి నుంచి వచ్చిన 'సర్‌ప్రైజ్'కి మొదట్లో హఠాత్తుగా మీద పడటమని అర్థం. దెబ్బ తిన్నవాడు కర్మ. 17వ శతాబ్దంలో అర్థం మనసు వైపు జరిగినా కర్మ మాత్రం కర్మగానే ఉండిపోయింది. అందుకే 'ఐ యామ్ సర్‌ప్రైజ్డ్' అవసరమైంది. దాని ముందు 'వెరీ' చేరితే అది విశేషణమే. పక్కన 'బై' ఉంది కదా అని క్రియ కింద లెక్కేయకు. ఈ గీత ఎక్కడ గీస్తావో ముందే రాసిపెట్టుకో, లేకపోతే వైవాలో టెన్షన్ తప్పదు.

వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగులనే నమ్ముకోకు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో నెబుకద్నెజరు రాజు 'ఆస్టొనీడ్' అయ్యాడు, అంటే ఇప్పటి 'ఆస్టానిష్డ్'.

అసలు చిక్కు స్పానిష్‌లో. దొంగను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుంటే 'లో సొర్ప్రెందియెరోన్', ఇందులో 'లో' అంటే వాణ్ణి, అది ద్వితీయ. ఏదైనా సంగతి ఆశ్చర్యపరిస్తే 'లే సొర్ప్రెందె కే', ఇందులో 'లే' అంటే అతనికి, అది చతుర్థి, వెనకాల క్రియ సబ్‌జంక్టివ్‌లో, అంటే భావాలూ సందేహాలూ చెప్పేటప్పుడు వాడే ప్రత్యేక రూపంలో. వినడానికి తేలికే. కానీ స్పెయిన్ నడిమి ప్రాంతమైన కాస్తీల్ రచయితలు మగవాళ్లకు ద్వితీయలోనూ 'లే' వాడతారు. కొందరు ఆడవాళ్లకు చతుర్థిలోనూ 'లా' అనేస్తారు. 'మే' (నన్ను, నాకు), 'తే' (నిన్ను, నీకు)లలోనైతే విభక్తి తేడాయే కనపడదు. ఇవన్నీ కలిపి శాతాలు కట్టావంటే మొత్తం కొట్టుకుపోతుంది. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా, లాటిన్ అమెరికా గ్రంథాలలో ఈ గందరగోళం తక్కువ, వాటిని విడిగా లెక్కపెట్టు. ఉదాహరణలు తగ్గుతాయి, తగ్గనీ.

'ఎస్త్రన్యార్'ను మాత్రం వదలకు. ఒకప్పుడు దేశం నుంచి వెళ్లగొట్టడం. ఇప్పుడు 'మే ఎస్త్రన్య' అంటే నాకు వింతగా ఉంది, 'తే ఎస్త్రన్యో' అంటే నువ్వు లేక బెంగగా ఉంది. కర్త అటు నుంచి ఇటు మారింది, భావమే వేరైపోయింది. నన్నడిగితే దీనికే ఒక అధ్యాయం ఇవ్వొచ్చు.

స్పానిష్ భాషా అకాడమీ అయిన రియల్ అకాడెమియావారి 'కోర్దే' కార్పస్ (పాత గ్రంథాల వాక్యాల భాండాగారం) ఆన్‌లైన్‌లో ఉచితమే, 1974 వరకు వస్తుంది. ముందు దాంట్లోంచి ఓ వంద వాక్యాలు పట్టికగా కట్టి పంపు, చూస్తాను.

మీ పెదనాన్న