14 పేజీలూ, మీ తాతయ్య చెవుడూ

తెనాలి
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాలేదు. మా వీధి మొగదల జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. 14 పేజీలు. షాపు కుర్రాడు కాయితాలు సర్దుతూ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాడు. "మాస్టారూ, ఇంతకీ వాడు ఆవిడ కళ్ళు పెట్టించుకున్నాడా, లేదా?" అన్నాడు. గుడ్డివాడిగా నటిస్తూ ఓ హత్య జరిగిన ఇంట్లో ఇరుక్కుని, హంతకురాలు సిమీ చేతిలో నిజంగానే చూపు పోగొట్టుకున్న పియానో కుర్రాడు ఆకాశ్ కథ కదా నీ 'అంధాధున్', అది వచ్చింది 2018లో. ఇన్నేళ్ళయినా వాడికి తేలలేదు. నీకు మాత్రం తేలిపోయింది. "నూటికి నూరు శాతం పెట్టించుకున్నాడు" అని రాసి కింద గీత కూడా గీశావు.

నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. మా పెద్ద మనవరాలికీ నీకూ ఏడాదే తేడా.

భాష బాగుంది, చదివించావు. దాని సంగతి అంతే. నాకు ఒళ్ళు మండింది ఆరో పేజీలో. "ఆకాశ్ చిన్నతనంలో ప్రేమకు నోచుకోలేదు, ఆ గాయమే అతన్ని గుడ్డివాడిగా నటించేలా చేసింది" అన్నావు. ఏ సీనులో చూశావమ్మా? వాళ్ళమ్మ కనిపించిందా? వాళ్ళ నాన్న బెల్టు తీశాడా? సినిమాలో లేని బాల్యాన్ని నువ్వు ఇంటి దగ్గర వండి తెచ్చి అతని నెత్తిన పెట్టావు. మనవాళ్ళకి ఇదో జబ్బు. ఇంటర్వెల్ అయిన పావుగంటకి ఓ ఫ్లాష్‌బ్యాక్, అందులో వానలో తడుస్తున్న పిల్లాడు, వాడి చేతిలో విరిగిన బొమ్మ. అక్కణ్ణించి వాడు ఎన్ని హత్యలు చేసినా మనం ముక్కు చీదుకుంటూ చూడాలి. ఇప్పుడు సిరీసుల వాళ్ళు దానికి ట్రామా అని పేరు పెట్టారు. బొమ్మ మాత్రం అదే బొమ్మ.

నీకు తెలుసో లేదో, ఈ కథ మొలక ఓ ఫ్రెంచి లఘుచిత్రంలో ఉంది. 2010లో వచ్చింది, పావుగంట కూడా ఉండదు. అందులో పియానో శ్రుతి చేసే కుర్రాడు ఓ పెద్ద పోటీలో ఓడిపోయి, కుంగిపోయి, ఆ తర్వాత గుడ్డివాడి వేషం కడతాడు. అంటే అక్కడ గాయం ఉంది, చక్కగా చేతికందేలా ఉంది. శ్రీరామ్ రాఘవనూ ఆయన పక్కన కూర్చుని రాసినవాళ్ళూ ఏం చేశారు? కథను తీసుకుని ఆ గాయాన్ని అక్కడే వదిలేశారు. పుణెలో ఆకాశ్ నటించడానికి అతను చెప్పే కారణం ఒక్కటే, కళ్ళు లేకపోతే సంగీతం మీద ధ్యాస కుదురుతుందని. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. వాళ్ళు పారేసిన దాన్ని నువ్వు చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చి మళ్ళీ అతికించావు.

మరి మనసులో ఉన్నది ఎలా కనిపెట్టాలి అంటావు. నాకు తెలిసింది చెబుతాను. ఎందుకు చేశాడు అని అడక్కు. ఎవరికి చెబుతున్నాడు అని అడుగు. ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, టైపు మిషను ముందు కూర్చుని నేర్చుకున్నాను. అదీ చాలా ఆలస్యంగా.

రాతలతో తిండి దొరకదని తెలిశాక ఓ సెషన్స్ కోర్టులో టైపిస్టుగా చేరాను. ఊరు పేరు వద్దులే. సాక్షి తెలుగులో చెప్పేవాడు, జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పేవారు, నేను టకటకా కొట్టేవాణ్ణి. ఓసారి కాలవ నీళ్ళ తగాదాలో ఖూనీ కేసు వచ్చింది. పాలు పోసే ఓ ముసలాయన సాక్షి. పోలీసుల ముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 161వ సెక్షను కింద ఇచ్చిన వాంగ్మూలంలో, తెల్లవారుజామున ముద్దాయి కత్తితో గట్టు దిగడం చూశానన్నాడు. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదు, అది చట్టం. కోర్టులో బోనెక్కాక కండువా తీసి రెండు చేతుల మధ్య చుట్టుకుంటూ, "ఏమోనండీ, మంచు పట్టేసిందండీ" అన్నాడు. నేను కొట్టింది "ఐ డిడ్ నాట్ సీ". ఆ "ఏమో" ఏమైందో, ఆ "అండీ" ఎటుపోయిందో కాయితం మీద ఎక్కడా లేదు. పబ్లిక్ ప్రాసిక్యూటరు గారు లేచి హాస్టయిల్ అన్నారు, అంటే సాక్షి ఎదురు తిరిగాడని. సాయంత్రం క్యాంటీన్లో అందరూ ఒకటే మాట, ముసలాడు డబ్బు తిన్నాడని.

నేను కథ రాసేశాను. కూతురి పెళ్ళి కోసం డబ్బు తీసుకున్నట్టు రాశాను. ఓ వారపత్రికకు పంపితే సంపాదకుడు తిప్పి పంపాడు, పైన ఎర్ర సిరాతో "మోటివ్ చాలదు. భార్య జబ్బు కూడా కలపండి". కలిపాను. పోనీలే, అచ్చులో పేరు చూసుకోవాలన్న యావ. నలభై రూపాయలు మనియార్డరొచ్చింది. ఆ పత్రిక మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది, ఆ ఎర్ర సిరా మాత్రం నాకింకా కళ్ళముందే ఉంది. ఎంతమంది కథల్లో ఎంతమంది భార్యలకి జబ్బు చేయించాడో మహానుభావుడు.

ఆ కథ మా కోర్టు డఫేదారు చదివాడు. మర్నాడు పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి, "బాగుందండీ, కానీ మీరు ఆ వేళ మిషను వైపు చూస్తున్నారు" అన్నాడు. "ఆ ముసలాయన జవాబు జడ్జిగారికి చెప్పలేదండీ. వెనక బెంచీ మీద ముద్దాయి తల్లి కూర్చుంది. ఆవిడకి చెప్పాడు."

వాళ్ళిద్దరికీ ఏంటి సంబంధం అన్నాను. "అది నాకేం తెలుసండీ" అని కేసులు పిలవడానికి వెళ్ళిపోయాడు. నాకు ఈనాటికీ తెలియదు. పాత బాకీనా, ఒక ఊరి పుట్టింటివాళ్ళా, ఆవిడ ఎప్పుడో ఇంత అన్నం పెట్టిందా. కూతురి పెళ్ళి మాత్రం కాదు. నేను రాసిన వాటిలో నాకు సిగ్గుగా అనిపించే కథ అది, సంకలనంలో వేద్దామంటే ఒప్పుకోలేదు.

1872 నాటి సాక్ష్య చట్టంలో ఎనిమిదో సెక్షను తీసి చూడు. ఇప్పుడు పేరూ నంబరూ మారాయి, అది వేరే సంగతి. మోటివ్ గురించి చెప్పే ఆ సెక్షన్లోనే సన్నాహం, నడవడిక కూడా పక్కపక్కనే ఉంటాయి. దొరలకి కూడా తెలుసు, మోటివ్ అనేది తన కాళ్ళ మీద తను నిలబడదని. ముందేం చేశాడు, వెనకేం చేశాడు అన్నవి రెండు పక్కలా పట్టుకోవాలి.

ఇప్పుడు నీ సినిమాకి రా. ఆకాశ్ పియానో వాయిస్తున్నాడు. నేల మీద ఇంటాయన శవం. బాత్రూములో ప్రియుడు. సిమీ, అంటే మన హైదరాబాదు పిల్ల టబు, ఏం చేసింది? చచ్చిన మొగుడితో మాట్లాడింది. శవాన్ని సూట్‌కేసులో కుక్కుతూ, అక్కడ లేని మనిషితో ఇంటి కబుర్లు చెప్పింది. ఆ మాటలు మొగుడికి కాదు, గుడ్డివాడి చెవులకి. గుడ్డివాడు ఎవరి కోసం వాయిస్తున్నాడు? సంగీతం కోసమా? అతని వేళ్ళు ఆగితే ప్రాణం పోతుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నాటకం ఆడుతున్నారు, ఆ గదిలో నిజంగా ఉన్నది శవం ఒక్కటే. ఈ సీను గురించి నీ 14 పేజీల్లో రెండు వాక్యాలు. బాల్యం గురించి పేజీన్నర!

సినిమా చివరికొద్దాం. రెండేళ్ళ తర్వాత, పోలండులో, క్రాకోలో. డాక్టరు, డిక్కీలో సిమీ, కుందేలు, కారు పల్టీ. ఇదంతా మనకెవరు చెప్పారు? ఆకాశ్. ఎవరికి? తను ప్రేమించిన సోఫీకి. ఒకసారి ఇతని కళ్ళ విషయంలోనే మోసపోయిన పిల్లకి! ఆ పిల్ల ముందు కూర్చుని "డాక్టరు సిమీ కళ్ళు ఇస్తానన్నాడు, నేను వద్దన్నాను, ఆవిణ్ణి వదిలెయ్యమన్నాను" అంటున్నాడు. అతనికి కావలసింది కళ్ళో, పగో, డబ్బో కాదు ఆ క్షణాన. సోఫీ దృష్టిలో మంచివాడు కావాలి. అంతే. ఇంత చెప్పాక ఆ పిల్ల ఏమంది? ఆ కళ్ళు నువ్వు తీసుకోవలసింది అంది. పాపం, చూడు. ఎవరి మెప్పు కోసం అబద్ధమాడాడో ఆ మనిషే నిజాన్ని క్షమించడానికి సిద్ధంగా కూర్చుంది. అప్పుడు అతని మొహం మీద ఏం కదిలిందో నువ్వు రాయాలి. అది వదిలేసి శస్త్రచికిత్స సాధ్యాసాధ్యాల మీద గూగుల్లో దొరికిందంతా దించావు.

కుందేలు సంగతి నువ్వు పట్టుకున్నందుకు సంతోషం. కళ్ళు లేనివాడికి కారు అద్దం మీద పడింది కుందేలని ఎలా తెలుస్తుంది, పైగా అతని చేతికర్ర పిడి కుందేలు తలే కదా, చేతిలో ఉన్నదాన్ని బట్టి కథ అల్లాడు అన్నావు. బాగానే ఉంది. కానీ సినిమా మొదలయ్యేదే ఆ కుందేలుతో, దాని వెంట తుపాకీ పట్టుకున్న వేటగాడితో. అప్పటికి ఆకాశ్ ఇంకా తెర మీదకే రాలేదు. మరి అది ఎవరు ఎవరికి చెబుతున్నట్టు? దీనికి సమాధానం రాయకుండా కింద గీత గీయకూడదు.

ఇక ఆ డబ్బా. ఆఖరి సీనులో ఆకాశ్ వీధిలో నడుస్తూ, చూపున్నవాడిలా, కర్రతో ఖాళీ డబ్బాను ఎగిరిపడేలా కొడతాడు. ఇక్కడ నా సూత్రం కుంటుతుంది, ఒప్పుకుంటాను. సోఫీ చూడటం లేదు. తెలిసినవాళ్ళెవరూ లేరు. ఎవరికీ చెప్పడం లేదు. నాలుగు రోజులు ఆలోచించాను. వినేవాడు లేనప్పుడు మనిషి చేసే పని ఉంటుంది చూశావా, స్కూలు వదలగానే రాయిని తన్నుకుంటూ పోయే పిల్లాడిలా, బహుశా అదే. పట్టుబడతానన్న భయం వదిలిన ఒంట్లోంచి వచ్చిన దెబ్బ. లేదా అది మనకి చెబుతున్నాడా? తేల్చలేను.

దీన్నే 2021లో తెలుగులో 'మాస్ట్రో'గా తీశారు, సిమీ వేషం తమన్నాకిచ్చారు. దాన్ని వదిలెయ్, ఇంకోటి చెబుతాను. 'కహానీ' చూశావుగా, 2012. కలకత్తాలో నిండు గర్భిణి మొగుణ్ణి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఎక్కడికెళ్ళినా కుర్చీ లాగుతారు, మంచినీళ్ళిస్తారు, అడగకుండా ఫైళ్ళు తీస్తారు. ఆవిడ మనసులో ఉన్నదంతా ఆ కడుపు వెనకే దాక్కుంది. చివరికి ఆ కడుపు కడుపే కాదని తెలుస్తుంది. 2014లో మనవాళ్ళు 'అనామిక' అని హైదరాబాదు పాతబస్తీలో తీశారు. శేఖర్ కమ్ముల లాంటి మంచి దర్శకుడు, నయనతార లాంటి నటి. కడుపు తీసేశారు! కారణాలు వాళ్ళకుంటాయి, మక్కీకి మక్కీ తీయకూడదనీ ఉండొచ్చు. కానీ దాగుడుమూతలాటలో దాక్కునే తలుపునే పీకేస్తే ఎలా? ఊరంతా ఆవిడ వంక చూసి ఏం నమ్మిందో ఆ నమ్మకమే కదా కథ.

నేనూ తక్కువ తినలేదులే. పాకెట్ నవలల రోజుల్లో నాలుగు డిటెక్టివ్ నవలలు రాశాను, వేరే పేరుతో. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను అద్దె పుస్తకాల షాపులో రోజుకి పావలా ఇచ్చి చదివి పెరిగినవాణ్ణి మరి. మా ప్రచురణకర్త ఒకే షరతు పెట్టేవాడు, ఆఖరి ఫారం మొత్తం డిటెక్టివ్ సోఫాలో కూర్చుని ఎవడు ఎందుకు చేశాడో చెప్పాలి. 16 పేజీలు! పాపం హంతకుడు కూడా ఎదురుగా కూర్చుని శ్రద్ధగా వినేవాడు. నీ వ్యాసం ఆఖరి మూడు పేజీలూ చదువుతుంటే ఆ సోఫా గుర్తొచ్చింది. వాటిని కొట్టెయ్.

స్క్రీన్‌ప్లే కోర్సు సంగతి అడిగావు. డబ్బుంటే చేరు. మిగతావి తర్వాత.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం 11వ పేజీ. బ్రాకెట్లో రెండు వాక్యాలు పెట్టావు. "మా తాతయ్య కూడా పదేళ్ళు చెవుడు నటించాడు. పోయే ముందు రోజు మాత్రం వంటింట్లో గిన్నె పడితే 'ఏం పడిందే' అన్నాడు." బ్రాకెట్ మూసేసి మళ్ళీ కార్నియాల్లోకి వెళ్ళిపోయావు. నేను వెళ్ళలేకపోయాను. అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది, మీ అత్తయ్యగారు, అదే మా ఆవిడ, రెండుసార్లు కేకేసింది.

పదేళ్ళు! ఇంట్లో అందరూ ఆయన ముందు ఏమేం మాట్లాడుకుని ఉంటారు? డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్ళారు? మిషను కొని చెవిలో పెట్టారా? పెడితే గోల భరించాడా? అవేవీ నువ్వు రాయలేదు. ఎందుకు నటించాడని ఇప్పుడే నాకు రాసి పంపకు, నాకు దాంతో పనిలేదు.

ఒక్కటి మాత్రం చెప్పు. ఆయన "ఏం పడింది" అనలేదు, "ఏం పడిందే" అన్నాడని రాశావు. కోడలిని అలా అనరు. వంటింట్లో ఆ వేళ ఎవరున్నారమ్మా? మీ నాయనమ్మ అప్పటికి ఉందా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు